విజయవాడ దారిలో తోక ఊపిన బండి

పంతంగి టోల్‌గేట్ దాటాక గానీ బండి అసలు గుణం బయటపడలేదు. హైదరాబాద్ ట్రాఫిక్‌లో 60, 70 మించి పోయే వీల్లేదు, అంతవరకూ ఏ లోటూ కనిపించలేదు. ఎన్‌హెచ్ 65 ఖాళీ అయి స్పీడోమీటర్ ముల్లు 90 తాకేసరికి బండి తేలడం మొదలైంది. లైను మారితే ముక్కు ముందు తిరుగుతోంది, తోక ఒక క్షణం ఆగి వెనకాలే వస్తోంది. ఎదురు బస్సు గాలి తగిలితే స్టీరింగ్ సర్దాలి, సర్దింది ఎక్కువైందని మళ్లీ సర్దాలి.

కారు మా బావమరిదిది. చిన్న డీజిల్ బండి, 185/65 ఆర్15 టైర్లు, వెనక రెండు చక్రాలనూ కలిపే టోర్షన్ బీమ్ యాక్సిల్. "నెల కిందటే అలైన్‌మెంట్ చేయించా బావా, ఇంకేం ఉంటుంది?" అన్నాడు. అలైన్‌మెంట్ అంటే చక్రాలు తిరిగి ఉన్న కోణాలు కొలిచి సర్దడం. చేసింది ముందు చక్రాలకే.

రిపేరు మాట ఎత్తే ముందు బండి ఎప్పుడు తప్పుతోందో తేల్చుకోవాలి. 80 నుంచి 110 మధ్యలో స్టీరింగ్ వణికి, వేగం మారగానే వణుకు తగ్గితే మొదటి అనుమానం వీల్ బ్యాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువు సమంగా ఉండడం) మీద. బ్రేకు తొక్కినప్పుడే వణికితే డిస్కు. ఎప్పుడూ ఒకే పక్కకు గుంజితే టైరో, అలైన్‌మెంటో, పట్టేసిన బ్రేకో. యాక్సిలరేటర్ వదిలినప్పుడో బ్రేకు వేసినప్పుడో ముక్కు పక్కకు జరిగితే ముందు చక్రాల లోయర్ ఆర్మ్ బుష్‌లు (చక్రాన్ని పట్టి ఉంచే కింది ఆర్మ్‌కు ఉండే రబ్బరు కీళ్లు) చూడాలి. గుంట దాటాక బండి రెండు మూడుసార్లు ఊగితే షాకబ్జర్లు. మాకు వణుకు లేదు, గుంజుడు లేదు. తోక ఆలస్యంగా రావడం, దాంతోపాటు నేరుగా పోతున్నా స్టీరింగ్ కాస్త కుడికి తిరిగి ఉండడం, ఈ రెండే. రెండూ వెనక వైపే వేలు చూపిస్తాయి. చాలామంది ఇక్కడే పొరబడతారు: చేతికి తెలిసేది స్టీరింగ్‌లో కాబట్టి తప్పు ముందు చక్రాల్లోనే ఉందనుకుంటారు.

రోడ్డును కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఎడమ లైనులో లారీలు తొక్కిన గాడుల్లో టైరు పడితే మంచి బండి కూడా అటూ ఇటూ పోతుంది. వాన నీరు పోవడానికి రోడ్డుకు ఎడమకు వాలు ఉంటుంది, దాన్ని గుంజుడు అనుకోకూడదు. అందుకే రద్దీ లేనిచోట, వేగ పరిమితిలోపే, రెండు లైన్లలోనూ నడిపి చూశాం. రెండింటిలోనూ అదే ఊపు.

నార్కట్‌పల్లి దగ్గర టీకి ఆగినప్పుడు గాలి కొలిచాం. డ్రైవర్ డోర్ పక్కన స్టిక్కర్ చెప్పేది చల్లటి టైరుకు 33 పీఎస్‌ఐ. నడిచి వేడెక్కిన టైరులో అది మూడు నాలుగు పెరుగుతుంది. పెరిగింది కదా అని తీసేయకూడదు. మూడు టైర్లు 36, 37 దగ్గరున్నాయి, వెనక ఎడమది 28. వాల్వ్ మీద సబ్బు నీళ్లు వేస్తే బుడగలొచ్చాయి. పిన్ను మార్పించి, కుడివైపు వేడి టైరుకు సరిపడా గాలి నింపాం. అసలు కొలత మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి. డిక్కీలో వెనక్కి తోసి పెట్టిన 25 కిలోల బియ్యం బస్తాల్ని వెనక సీటు ముందు కిందకి మార్చాం. వెనక యాక్సిల్‌కు అవతల పడే బరువు ముందు టైర్ల మీద బరువు తగ్గిస్తుంది.

కొర్లపహాడ్ టోల్‌గేట్ దాటాక సగం నయం, అయినా తోక ఊపు పోలేదు.

సూర్యాపేటలో ఒక షెడ్డులో జాకీ ఎక్కించాం. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే బాల్‌జాయింట్ (చక్రాన్ని ఆర్మ్‌కు కలిపే గుండు కీలు), బేరింగ్ ప్లే, అంటే వదులు, తెలుస్తుంది. ఆ ఊపు బ్రేకు తొక్కి పట్టినప్పుడు మాయమైతే అది బేరింగే. పక్కలకు పట్టుకుని ఊపితే స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టైరాడ్ ఎండ్, స్టీరింగ్ ర్యాక్‌ల వదులు. ముందంతా గట్టిగానే ఉంది. వెనక ఎడమ టైరు మీద అరచేయి అడ్డంగా రాస్తే ఒక వైపు నున్నగా, తిరిగి వచ్చేటప్పుడు రంపం పళ్లలా గీరుకుంది, బయటి అంచున మరీ. టో, అంటే చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగిన కోణం, తప్పితే ఇలాగే అరుగుతుంది. మెకానిక్ యాక్సిల్ బీమ్ బాడీకి బిగిసే చోట పొడుగు రాడ్డు పెట్టి నొక్కాడు. ఎడమ బుష్ రబ్బరు ఇనుప గొట్టం నుంచి విడిపోయి వేలెడు పగులు నోరు తెరిచింది.

"ఇది మార్చకుంట ఎన్నిసార్లు అలైన్‌మెంట్ చేయించినా గంతే అన్నా. పైసలు దండుగ."

ఆ బుష్ అక్కడ దొరకలేదు. బోల్టు గట్టిగా ఉంది, ఇనుము చీలలేదు, అందుకే 70 దాటకుండా కోదాడ, నందిగామ మీదుగా పోయాం. అదే బాల్‌జాయింట్ ప్లే అయితే బండి షెడ్డు దాటనివ్వకూడదు, చక్రమే ఊడి పక్కకు పడొచ్చు.

విజయవాడ ఆటోనగర్‌లో రెండు వైపులా కొత్త బుష్‌లు వేయించాం. ఒకటే మారిస్తే ఒక పక్క మెత్తగా, ఒక పక్క గట్టిగా ఉంటుంది. ఈ బుష్‌లలో రబ్బరుకు ఖాళీలు ఉంటాయి, అవి ఏ దిక్కుకు ఉండాలో పాతది తీసే ముందే బీమ్ మీద గీత పెట్టుకోవాలి. ప్రెస్‌లో తిప్పి ఎక్కిస్తే బుష్ కొత్తదైనా గుణం తప్పుతుంది. ఇక బోల్టు చివరి బిగింపు. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే, బండి దిగగానే రబ్బరు మెలిపడి, ఆ మెలిలోనే ఉండిపోయి తొందరగా చిరుగుతుంది. బండి నాలుగు చక్రాల మీద నిలబడ్డాకే మాన్యువల్‌లోని టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించాలి. కుర్రాడు బండి గాల్లో ఉండగానే బోల్టు బిగించే గన్ను పెట్టబోతే మేస్త్రీ ఆపాడు, మేం అడగక ముందే.

తర్వాత అలైన్‌మెంట్, మొదట వెనక చక్రాలు చూసి, ఆ తర్వాత ముందు చక్రాలకు. పని మొదలవకముందు తీయించిన కాగితంలో వెనక ఎడమ టో లోపలికి 0.45 డిగ్రీలు, కుడిది 0.10. తేడాలో సగం, అంటే దాదాపు 0.18 డిగ్రీలు, వెనక యాక్సిల్ కుడికి నెడుతోందన్న మాట. స్టీరింగ్ కుడికి తిరిగి ఉండడం అందుకే. బుష్‌లు మారాక రెండు వైపులా కొలత దాదాపు సమానమైంది. ఇలాంటి బీమ్‌కు సాధారణంగా టో సర్దే బోల్టు ఉండదు. బుష్ మార్చినా కొలత రాకపోతే బీమ్ వంగి ఉండొచ్చు.

గుంటూరు వైపు ఎన్‌హెచ్ 16 ఎక్కాక తోక ఊపు లేదు, కానీ వెనక నుంచి హోరు అలాగే ఉంది. రంపంలా అరిగిన టైరు అరిగిపోయేదాకా హోరెత్తుతుంది. అది బేరింగ్ అనుకుని మరో బిల్లు కట్టకండి. రోడ్డు మారగానే చప్పుడు మారితే టైరు. మెల్లగా ఎడమకు, కుడికి వంపు తీసుకున్నప్పుడు పెరిగి తగ్గితే బేరింగ్.