చివరి పెట్టె

శుక్రవారం రాత్రి షాపు షట్టరు దించేసి, మిషను మీద కూర్చుని ఒక చిన్న గుడ్డముక్క కుట్టాను. స్కూలు బ్యాగులకి వాడే మందపాటి పసుపు గుడ్డ, జానెడు పొడవు, జానెడు వెడల్పు. నల్ల గుడ్డలోంచి ఎల్, వి అని రెండు అక్షరాలు కత్తిరించి దాని మీద పెట్టి, చుట్టూ జిగ్‌జాగ్ కుట్టు వేశాను. అంచులకి లైటు పడితే మెరిసే టేపు, నాలుగు మూలలా నాడాలు. తెల్లవారుజామున దాన్ని నా సైకిలు సీటు వెనక కట్టుకుని విశాఖ బీచికి బయల్దేరాను.

మా సైకిళ్ళ గుంపుని ముందుండి నడిపించేది రైల్వేలో లోకో పైలట్‌గా రిటైరైన పెద్దాయన. అందరం ఆయన్ని డ్రైవరు గారనే పిలుస్తాం. సర్వీసులో చాలా ఏళ్ళు కొత్తవలస–కిరండూల్ లైను మీదే గడిచాయి ఆయనకి. అంతకుముందు ఆదివారం టీ తాగుతూ చెప్పారు: ప్రతి రైలుకీ ఆఖరి పెట్టె వెనక పసుపు పలక మీద నల్లగా ఎల్‌వి అని ఉంటుందట. లాస్ట్ వెహికల్ అని దాని అర్థం. బండి స్టేషను దాటుతున్నప్పుడు అక్కడివాళ్ళు ఆ పలక కోసమే చూస్తారు. అది కనబడకపోతే దార్లో ఎక్కడో పెట్టెలు తెగిపోయాయేమోనని అనుమానం. ఆ సంగతి తేలేదాకా వెనకొచ్చే బండిని ఆ లైనులోకి రానివ్వరు.

"ఇంజను వచ్చినంత మాత్రాన బండి వచ్చినట్టు కాదమ్మాయ్. ఆఖరి పెట్టె వస్తేనే వచ్చినట్టు," అన్నారు.

నాకు ఆ మాట మనసులో నాటుకుపోయింది. ఎందుకో చెప్పాలి.

మూడేళ్ళ కిందట మా అబ్బాయి ఉద్యోగానికి బెంగళూరు వెళ్తూ తన గేరు సైకిలు ఇంట్లో వదిలేసి వెళ్ళాడు. రోజూ పది గంటలు మిషను మీద వంగి కుట్టి కుట్టి నడుం పట్టేసే మనిషిని నేను. పొద్దున్నే కాసేపు తొక్కితే ఆ నొప్పి తగ్గింది. ఆ ధైర్యంతో వేరే ఒక గుంపుతో మొదటిసారి దూరం వెళ్ళాను. తిరిగొచ్చేటప్పుడు ఊళ్ళోకి రాగానే సిగ్నలు దగ్గర నేనొక్కదాన్నే ఆగిపోయాను. పచ్చలైటు పడేసరికి ముందు ఒక్క సైకిలూ లేదు. చీకటి, లారీలు, నా వెనక లైటు పనిచెయ్యట్లేదు. మెయిన్‌రోడ్డు మీద 6 కిలోమీటర్లు నడిపించుకుంటూ వచ్చాను. ఆ రాత్రి వాళ్ళలో ఒక్కరు కూడా ఫోను చేసి ఇంటికి చేరావా అని అడగలేదు. అందుకే ఈ గుంపులో చేరిన రోజే డ్రైవరు గారిని అడిగి వెనక ఉండే పని తీసుకున్నాను. సైకిళ్ళవాళ్ళు దాన్ని స్వీప్ అంటారు. నియమం ఒకటే, నా వెనక మనవాళ్ళు ఎవరూ ఉండకూడదు.

ఈసారి తొమ్మిదిమందిమి. డ్రైవరు గారు, ఒక డాక్టరమ్మ, ఇంజనీరింగ్ చదివే ఇద్దరు కుర్రాళ్ళు, బ్యాంకులో పనిచేసే భార్యాభర్తలు, స్టీల్‌ప్లాంటు నుంచి ఇద్దరు, నేను. నవంబరులో, కార్తీకం ఆఖరి శని ఆదివారాలు. శనివారం అరకు ఎక్కడం, ఆదివారం భీమిలి మీదుగా తిరిగి రావడం. మా ఇల్లు గోపాలపట్నమే కాబట్టి దార్లో కలవొచ్చు. కానీ ఆఖరి పెట్టెని మధ్యలో తగిలించడం ఏమిటనిపించింది. నాలుగింటికి మా ఆయన స్కూటరు మీద తోడుగా ఆర్కే బీచి కాళీమాత గుడి దాకా వచ్చి దిగబెట్టారు.

నాలుగున్నరకి కదిలాం. సిరిపురం, ఆశీలుమెట్ట, కంచరపాలెం. ఆ వేళకి ఊరు నిద్రలోనే ఉంటుంది గానీ ఎన్‌ఏడీ జంక్షను మాత్రం నిద్రపోదు. దూరపు బస్సులు, కూరగాయల వ్యాన్లు, లోడు లారీలు. ముగ్గురు ముగ్గురుగా విడిపోయి, ఒక వరసలో, మధ్యలో నాలుగు సైకిళ్ళ ఖాళీ ఉంచుకుని దాటాం. ఖాళీ ఎందుకంటే, తొమ్మిదిమందీ ఒకే తోకలా వెళ్తే బస్సు దాటలేదు. దాటలేక విసుగెత్తి మధ్యలో దూరుతుంది. గోపాలపట్నం దాటుతుంటే ఎడంపక్క చీకట్లో మా షాపు బోర్డు కనిపించింది. వేపగుంట, పెందుర్తి, కొత్తవలస గబగబా గడిచిపోయాయి. ఎనిమిదిన్నరకి ఎస్.కోటలో టిఫిను. ఇడ్లీ, అల్లం చట్నీ. డాక్టరమ్మ అందరి సీసాల్లోనూ ఉప్పు, పంచదార, నిమ్మకాయ కలిపి పెట్టింది.

బొడ్డవర దాటాక కొండలు దగ్గరికొచ్చేస్తాయి. రోడ్డు ఒక మలుపు తిరుగుతుంది, ఇంకో మలుపు తిరుగుతుంది, అంతే, కాళ్ళకి తెలిసిపోతుంది. నా సైకిలుకి ముందు మూడు పళ్ళచక్రాలు, వెనక ఎనిమిది. ముందు అన్నిటికన్నా చిన్నదాని మీదికి, వెనక అన్నిటికన్నా పెద్దదాని మీదికి చైను వేసేశాను. పెడలు గిరగిరా తిరుగుతుంది, సైకిలు నడకకన్నా కొంచెం జోరుగా కదులుతుంది. తొందరపడకూడదు. మిషను తొక్కినట్టే, ఒకే లయలో తొక్కుతూ పోతే బట్ట దానంతటదే ముందుకి పోతుంది.

త్యాడ దాటిన తర్వాత కుర్రాళ్ళలో చిన్నవాడి వెనక టైరు పంచరైంది. కొత్త ట్యూబు వేశారు, అరకిలోమీటరు వెళ్ళేసరికి అదీ పోయింది. టైరు లోపల వేలు పెట్టి చుట్టూ తడిమారు, ఏమీ తగల్లేదు. "ఆంటీ, ఇంకొకటే ట్యూబుంది," అన్నాడు వాడు, మొహం వేలాడేసి. నా సంచీలో ఎప్పుడూ నాలుగు కటింగు ముక్కలుంటాయి. ఒక పల్చటి మల్లు గుడ్డముక్క తీసుకుని టైరు లోపలివైపు మెల్లగా పాముతూ పోయాను. ఒకచోట గుడ్డ పట్టేసింది. పోగు లేచింది. కళ్ళద్దాలు పెట్టుకుని చూస్తే వెంట్రుకంత సన్నటి ఉక్కు తీగ, రబ్బరులోంచి బియ్యపుగింజలో సగం కూడా బయటికి లేదు. పేలిపోయిన లారీ టైర్ల లోపలి తీగలు రోడ్డు మీద ఇలా రాలి ఉంటాయి. వేలికి తగలనిది గుడ్డకి తగులుతుంది. పోగులు లాగే చిమటాతో పట్టుకుని లాగితే ఊడొచ్చింది. వాడు దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూఇటూ తిప్పి చూసి, పర్సులో దాచుకున్నాడు.

అనంతగిరి దగ్గర సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ తోటలు. చెట్లకి మిరియాల తీగలు, కింద కాఫీ కొమ్మల్నిండా ఎర్రబడుతున్న పళ్ళు. రోడ్డు వార కుండ పెట్టుకుని కూర్చున్న ఒక ముసలమ్మ దగ్గర చోడంబలి తాగాం. "ఏటమ్మా, ఈ కొండంతా తొక్కుకునే వచ్చీసినారేటి? బస్సుల్లేవా?" అని అడిగింది. డ్రైవరు గారు "ఉన్నాయమ్మా, మాకే బుద్ధి పుట్టింది," అంటే, అయితే ఇంకో గ్లాసు తాగమని ఊరికే పోసింది.

గాలికొండకి ముందు డాక్టరమ్మ దిగిపోయింది. తొడలు పట్టేశాయి. "మీరు వెళ్ళండి, నేను నడిపించుకుంటూ వస్తా," అంది. నేనూ దిగాను. ఇద్దరం సైకిళ్ళు తోసుకుంటూ రెండు కిలోమీటర్లు నడిచాం. మాటలు పెద్దగా లేవు. లోయలో ఎక్కడో రైలు కూత వినబడింది. డ్రైవరు గారు నడిపిన ఆ లైనులో 58 సొరంగాలు. బైలడిల్ల ఇనుప ఖనిజం విశాఖ రేవుకి దిగేది అందులోంచే. ఆగి చూశాం గానీ రైలు కనబడలేదు, కూత మాత్రం సొరంగంలోకి దూరి ఇంకో పక్క తేలింది. వ్యూపాయింటు దగ్గర మిగతా ఏడుగురూ మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ముప్పావుగంట నుంచీ అక్కడే ఉన్నారట. ఒక్కరి మొహంలోనూ విసుగు లేదు. డ్రైవరు గారు లేచి నిలబడి నా సీటు వెనక్కి తొంగి చూసి, "ఆ, బండి వచ్చింది," అన్నారు.

అక్కణ్ణించి అరకు దాకా చాలావరకూ దిగుడే. పొద్దు వాలే వేళకి లోయలోకి వచ్చాం. చేలనిండా వలిసెపూలు, ఆ ఎండలో కళ్ళు చెదిరే పసుపు. రాత్రి అన్నం తిన్నది గుర్తుంది, పడుకున్నది గుర్తు లేదు.

ఆదివారం పొద్దున మంచులో, చేతులు కొంకర్లు పోతుండగా బయల్దేరాం. దిగేముందు డ్రైవరు గారు అందర్నీ నిలబెట్టి చెప్పారు. "ఎక్కడం ఇంజను పని. దిగడం డ్రైవరు పని. బ్రేకు పట్టుకునే ఉండకండి. పట్టండి, వదలండి, పట్టండి, వదలండి. మలుపులోకి వెళ్ళాక కాదు, మలుపుకి ముందే తగ్గించండి." పట్టుకునే ఉంటే రిమ్ము కాలిపోతుంది, లోపల ట్యూబు పేలిపోవచ్చు. సగం దిగాక ఆగి రిమ్ము మీద వేలు పెట్టి చూశాను. ఇస్త్రీపెట్టెలా చుర్రుమంది. చల్లారేదాకా పది నిమిషాలు ఆగాం.

తాటిపూడి నుంచి భీమిలి దాకా దారి నాకు ఎంతో ఇష్టం. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్ని తొలిచిన గోస్తనీ నది తాటిపూడి దగ్గర జలాశయమవుతుంది. విశాఖకి నీళ్ళిచ్చేవాటిలో అదొకటి. జామి, పద్మనాభం మీదుగా వస్తుంటే నది ఒకసారి కనబడుతుంది, ఒకసారి తాటితోపుల వెనక్కి పోతుంది. పద్మనాభం కొండ కింద అరటిపళ్ళు తిన్నాం. 1794లో విజయనగరం రాజు చిన విజయరామరాజు కుంపిణీ సైన్యంతో పోరాడి ప్రాణం విడిచిన నేల అది. భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసేచోట నిలబడితే, నిన్న మేం నడిచి ఎక్కిన కొండల నీళ్ళే కదా ఇవి అనిపించి గొంతు పట్టేసింది.

అరకు నుంచి ఇక్కడికి 110 కిలోమీటర్ల పైచిలుకు అయింది. మిగిలింది 25. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నేను పీల్చుకోలేదు. నన్నడిగితే కొండ మీద ఎవరికివారు ఎక్కెయ్యొచ్చు. వెనకబడితే చెట్టుకింద కూర్చుంటే సరి. గుంపు అవసరం పడేది ఊళ్ళోనే. అప్పటికి ఒళ్ళు అలిసిపోయి ఉంటుంది, ఇల్లు దగ్గరపడింది కదా అని మనసు ముందుకి పరిగెడుతుంది, సరిగ్గా అప్పుడే ఎదురుగా ఊరు.

అదీ కార్తీక ఆదివారం. వనభోజనాల బస్సులన్నీ తొట్లకొండ, రుషికొండ దగ్గరే ఉన్నాయి. ఐదింటికి రుషికొండ చేరేసరికి రోడ్డు మీద కాలు పెట్టే సందు లేదు. మొక్కజొన్న పొత్తుల బళ్ళు, రోడ్డుకి అడ్డంగా సెల్ఫీలు, రాంగ్ సైడులో ఆటోలు. లైట్లు వేసుకుని ఒక వరసలో వచ్చాం. ముందువాళ్ళు "గుంత!" అంటే ఆ మాట ఒకరి నుంచి ఒకరికి నా దాకా వచ్చేది. "వెనక బస్సు!" అని నేనంటే అది డ్రైవరు గారి దాకా వెళ్ళేది. అరిచి అరిచి గొంతులు బొంగురుపోయాయి. మానలేదు.

జూ గేటు దాటాక ఆగి ఉన్న కారు తలుపు ఒక్కసారిగా తెరుచుకుంది. డాక్టరమ్మ నాకు రెండు సైకిళ్ళ ముందుంది. ఆవిడ ముందున్న బ్యాంకాయన "తలుపు!" అని కేకేశాడు. ఆవిడ కుడిపక్కకి తప్పుకోవాలంటే వెనకేముందో తెలియాలి. "వెనక ఖాళీ!" అని అరిచాను. తప్పుకుంది. తలుపుకీ ఆవిడ మోచేతికీ మధ్య బెత్తెడు. కారులోంచి దిగబోతున్నది పదేళ్ళ పాప. పాపం, దడుచుకుని తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. డాక్టరమ్మ సైకిలు ఆపి, వెనక్కి వచ్చి, పాప తల నిమిరి, "దిగేముందు వెనక్కి చూడాలమ్మా," అని మెల్లగా చెప్పింది. ఆవిడ చెయ్యి వణుకుతోంది. మేమందరం రోడ్డు వారకి తప్పుకుని, ఆవిడ నీళ్ళు తాగేదాకా ఆగాం.

జోడుగుళ్ళపాలెం, తెన్నేటి పార్కు, లాసన్స్ బే. ఒక సిగ్నలు దగ్గర నలుగురు దాటారు, ఐదుగురం ఉండిపోయాం. ఎర్రలైటు. ఆ పాత రాత్రి కడుపులో కదిలింది. పచ్చ పడి అటు దాటేసరికి, మూసేసిన ఒక షాపు ముందు ఆ నలుగురూ సైకిళ్ళు స్టాండు వేసి మావైపే తిరిగి నిలబడి ఉన్నారు.

కాళీమాత గుడి దగ్గరికి చేరేసరికి పూర్తిగా చీకటి. మా ఆయన స్కూటరు పక్కనే ఉన్నారు. ముందొచ్చినవాళ్ళెవరూ హెల్మెట్లు తియ్యలేదు. డ్రైవరు గారు రోడ్డు వైపు టార్చి వేసి పట్టుకున్నారు. నేను ఆగి, సైకిలు అటు తిప్పి సీటు వెనక గుడ్డ చూపించాను. వెలుగు దాని మీద పడి అంచు టేపు తళుక్కుమంది.

ఆయన టార్చి ఆర్పేశారు.