ఏపీ క్యాలిక్యులస్ బీసీ సొంతంగా చదివాను, పేపర్లు దిద్దింది మా అమ్మ

ఏపీలో బీసీ రాస్తున్నానని ఫోన్‌లో చెబితే మా తాతయ్య రిజర్వేషన్ గొడవేదో అనుకున్నారు. ఇది అమెరికా హైస్కూల్లో ఉండే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్ష. తొమ్మిదో తరగతి దాకా గుంటూరులో చదివి, నాన్న ఉద్యోగం వల్ల టెక్సాస్ వచ్చాను. క్యాలిక్యులస్‌లో ఏబీ, దాని మీది స్థాయి బీసీ అని రెండున్నాయి. ఇక్కడి మా స్కూల్లో ఏబీ వరకే ఉంది. అది పదకొండులో అయిపోయింది. బీసీ మాత్రం పన్నెండులో ఇంట్లో కూర్చుని చదివి 2024 మేలో రాశాను.

చదువుకంటే ముందు నాకు టెన్షన్ పెట్టింది పరీక్ష రాయడానికి సీటు. క్లాసులో చేరకపోయినా ఏపీ రాయొచ్చు, కానీ పేపరు ఏదో ఒక స్కూలే ఆర్డరు పెట్టాలి. క్లాసు లేని పరీక్షకి మేం పెట్టం అన్నారు మా స్కూలు వాళ్లు. చుట్టుపక్కల స్కూళ్లకి ఫోన్లు చేస్తే ఐదో చోట ఏపీ పరీక్షలు చూసుకునే కోఆర్డినేటర్ సరే అని, పేరు నమోదు చేసుకునే జాయిన్ కోడ్ ఇచ్చారు. ఆర్డరు గడువు నవంబరు 15. దాటితే 40 డాలర్లు అదనం. కాబట్టి స్కూళ్లు తెరిచిన నెలలోనే ఫోన్లు మొదలుపెట్టండి.

సిలబస్ సంగతి. ఇంటర్ చదివే మా బావ పాత మ్యాథ్స్ 2బి పుస్తకం ఇచ్చాడు. ఇంటిగ్రేషన్ బై పార్ట్స్, పార్షియల్ ఫ్రాక్షన్స్ దాంతోనే చేతికి పట్టుబడ్డాయి. లెక్కల సాధనకి దాన్ని మించింది నాకు దొరకలేదు. కానీ పదో యూనిట్, అంటే ఇన్ఫినిట్ సిరీస్ (అంతం లేకుండా కూడుతూ పోయే మొత్తాలు), అందులో లేదు. బీసీలో ఆరో వంతుకి పైగా అదే. ఎక్స్ ఏ విలువల మధ్య ఉంటే సిరీస్ కన్వర్జ్ అవుతుందో, అంటే మొత్తం ఒక సంఖ్య దగ్గర నిలుస్తుందో కనుక్కోవాలి. రేషియో టెస్ట్ వేసి ఆ పరిధి వ్యాసార్థం ఒకటి అని తేల్చి, సంబరంగా ఆపేసేవాణ్ని. ఆ పరిధి రెండు చివరలూ విడిగా చూడాలి. ఎక్స్ పవర్ ఎన్ బై ఎన్ సిరీసే తీసుకోండి. మైనస్ ఒకటి దగ్గర కన్వర్జ్ అవుతుంది, ఒకటి దగ్గర డైవర్జ్ అవుతుంది, అంటే నిలవదు. ఇది ఒంటికి పట్టడానికి నాకు రెండు వారాలు పట్టింది.

అసలు దెబ్బ ఫ్రీ రెస్పాన్స్‌లో, అంటే జవాబులు వివరంగా రాసే భాగంలో తగిలింది. 6 ప్రశ్నలు, 90 నిమిషాలు, ఒక్కోదానికి 9 పాయింట్లు. మొత్తం స్కోరులో సగం వీటిదే. పాత ప్రశ్నలూ, పాయింట్లు ఎక్కడెక్కడ ఇస్తారో చెప్పే స్కోరింగ్ గైడ్‌లూ ఈ పరీక్ష పెట్టే కాలేజ్ బోర్డు సైట్‌లో ఉచితంగా ఉంటాయి. మొదట నేనే దిద్దుకున్నాను. 54కి 45, 47 వచ్చేవి. ఒక ఆదివారం నా జవాబులూ, గైడూ అమ్మ చేతిలో పెట్టాను. అమ్మ బీకాం, క్యాలిక్యులస్ అక్షరం ముక్క తెలీదు. వంటగది గట్టు మీద రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, "ఇక్కడ బికాజ్ అని కారణం రాశారు, నీ దాంట్లో ఏదిరా?" అంది. "అది తెలిసిందేగా అమ్మా" అన్నాను. "తెలిస్తే రాయాలిగా" అని సున్నా పెట్టింది. ఆరోజు 31.

అమ్మ దిద్దినదే సరైన లెక్క. నా మనసులో ఉన్నది నాకు కనిపిస్తుంది, పేపరు దిద్దేవాళ్లకి కనిపించదు. డెరివేటివ్ పాజిటివ్ నుంచి నెగటివ్‌కి మారుతోంది కాబట్టి అక్కడ మాగ్జిమమ్ అని పూర్తి వాక్యం రాయాలి. ఇంటిగ్రేషన్ చివర ప్లస్ సి మరవకూడదు. దశాంశాలు మూడు స్థానాలదాకా ఇవ్వాలి. చివరికి జవాబుగా వచ్చిన సంఖ్యని మాత్రం సింప్లిఫై చేయక్కర్లేదు, అక్కడ టైమ్ తగలేయకండి.

ఇంకోటి, కాలిక్యులేటర్ రేడియన్‌లో ఉందో లేదో చూసుకోండి. ఫిజిక్స్ హోంవర్క్‌కని డిగ్రీల్లో పెట్టి మరిచిపోయి, ఒక మాక్ టెస్ట్‌లో పోలార్ ప్రశ్న (కోణాన్ని బట్టి గీసే వక్రాల మీద వచ్చేది) మొత్తం పోగొట్టుకున్నాను. 2025 నుంచి మల్టిపుల్ చాయిస్ భాగం కాలేజ్ బోర్డు వాళ్ల బ్లూబుక్ యాప్‌లోకి మారింది. ఫ్రీ రెస్పాన్స్ జవాబులు మాత్రం ఇప్పటికీ చేత్తో బుక్‌లెట్‌లోనే రాయాలి.

జులైలో 5కి 4 వచ్చింది. సిరీస్‌లో ఎర్రర్ బౌండ్ (అంచనాలో తప్పు ఎంతకి మించదో చెప్పేది) ప్రశ్న సగంలో వదిలేశాను, 5 అక్కడే పోయిందని నా అనుమానం. అమ్మ మాత్రం కారణం ఎక్కడో రాయలేదని ఇప్పటికీ అంటుంది.