రంగు నిలవాలి, గ్యాసు పోకూడదు: ఎండాకాలానికి రంగుల సోడా

ఎండల్లో పదిమంది కలిసే చోట రంగురంగుల సోడా పెడదామనుకున్నవాళ్లు ముందు రంగుల గురించే ఆలోచిస్తారు. రంగు తేలికైన పని. గ్లాసు చేతికి అందాక కనీసం సగం తాగేవరకైనా గ్యాసు నిలవడమే కష్టం. పొరలు విడివిడిగా కనిపించాలని ఓపిగ్గా పోసి, ఫొటోలు తీసుకుని, అరగంట తర్వాత అందిస్తే ఎంత అందమైన గ్లాసైనా చప్పబడిన తీపినీళ్లే. కాబట్టి పని ఇలా విడగొట్టుకోండి. పాకం, రంగునీళ్లు, ఐసు ముందురోజే సిద్ధం చేసి చల్లబెట్టాలి. సోడా మాత్రం తాగే మనిషి వచ్చి నిలబడ్డాకే మూత తీయాలి.

ఇక్కడ చెప్పేది మూడు రంగుల గ్లాసు. అడుగున ఎరుపు, మధ్యలో పైకి పోయేకొద్దీ పలచబడే గులాబీ, పైన నీలం. చెంచాతో తిప్పగానే అంతా ఊదారంగులోకి మారుతుంది. ఎక్కడా కృత్రిమ రంగు వాడనక్కర్లేదు.

400 మిల్లీలీటర్ల పొడవాటి గ్లాసు ఒక్కదానికి కొలతలు: ఎర్ర పాకం 30 మి.లీ., నిమ్మరసం 10 మి.లీ., ఐసు 150 గ్రాములు, సోడా 120 మి.లీ., నీలం నీళ్లు 30 మి.లీ. ఇరవై గ్లాసులకైతే పాకం 600 మి.లీ., నిమ్మరసం 200 మి.లీ., నీలం నీళ్లు 600 మి.లీ. కావాలి. సోడా లెక్కకు 2.4 లీటర్లే, కానీ ఒలికేది, పొంగేది పోను 3 లీటర్లు ఉంచుకోండి. గ్లాసుల్లోకి 3 కిలోల ఐసు పడుతుంది. సీసాలు చల్లగా ఉంచడానికి ఇంకో రెండు కిలోలు వేరే పెట్టుకోవాలి. ఐసు దగ్గర పిసినారితనం చేస్తే మొత్తం చెడుతుంది. తక్కువ ఐసు త్వరగా కరుగుతుంది, పానీయం పలచబడుతుంది, వేడెక్కుతుంది, గ్యాసూ పోతుంది.

ఎర్ర పాకం

మందార టీ పేరుతో దొరికే ఎండిన ముదురు ఎరుపు రేకులు తీసుకోండి. ఇవి ఇంటి ముందు పూసే మందారపూలు కావు, వాటికి దగ్గరి చుట్టమైన ఇంకో మొక్కవి. వీటికి సహజంగానే మంచి పులుపుంటుంది, అందుకే పైన నిమ్మరసం కొలత తక్కువ పెట్టాం. 25 గ్రాముల రేకుల్ని 550 మి.లీ. నీళ్లలో వేసి, మరగడం మొదలవగానే పొయ్యి కట్టేసి, మూతపెట్టి పది నిమిషాలు వదిలేయండి. అంతకన్నా ఎక్కువసేపు ఉంచితే వగరు దిగుతుంది. స్టీలు గిన్నెగానీ గాజు గిన్నెగానీ వాడాలి. ఇనుము, అల్యూమినియం ఈ రంగుతో చర్య జరిపి ఎరుపును మసకబారుస్తాయి.

పలచటి గుడ్డలో వడకట్టి, వచ్చిన కషాయాన్ని తూకం వేయండి. ఎంత బరువు వస్తే అంతే బరువు పంచదార కలపాలి. రేకులు కొంత నీటిని పీల్చుకుంటాయి కాబట్టి ఇక్కడ గిన్నెల కొలతను నమ్మకండి. కషాయం 400 గ్రాములు వచ్చిందంటే 400 గ్రాముల పంచదారతో సుమారు 650 మి.లీ. పాకం వస్తుంది. ఇరవై గ్లాసులకు సరిపోయి కాస్త మిగులుతుంది. పంచదార వేసినప్పుడు కషాయం వేడిగా ఉంటే చాలు, మళ్లీ పొయ్యి మీద పెట్టి మరిగించొద్దు. తీగపాకం ఇక్కడ పనికిరాదు. చిక్కటి పాకం గ్లాసు అడుగున బంకలా అతుక్కుని, చివరి గుక్కలో తప్ప ఎక్కడా తీపి తగలదు. శుభ్రమైన సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే రెండు వారాలు ఉంటుంది.

పాకాన్ని విడిగా రుచి చూస్తే మరీ తీపిగా అనిపిస్తుంది. తగ్గించకండి. చల్లదనం నాలుకకు తీపిని తక్కువ చేసి చూపిస్తుంది, పైగా ఐసు కరిగి ఇంకా పలచనవుతుంది.

నీలం నీళ్లు

దీనికి ఎండిన శంఖుపూలు కావాలి. 700 మి.లీ. వేడినీళ్లకు 8 గ్రాములు వేసి పది నిమిషాలు ఉంచి వడకట్టండి. పూల కింద ఆకుపచ్చని తొడిమ ఉంటే ముందే తుంచేయండి, పచ్చిగడ్డి వాసన చాలావరకు దానివల్లే వస్తుంది. ఇందులో పంచదార అస్సలు వేయకూడదు. పైన తేలాల్సిన పొర తేలిగ్గా ఉండాలి. ఫ్రిజ్‌లో రెండు రోజులకు మించి ఉంచకండి. ఇందులో తీపీ లేదు, పులుపూ లేదు, త్వరగా పాడవుతుంది.

ఈ నీలం పులుపు తగిలితే ఊదాగా, పులుపు బాగా ఎక్కువైతే గులాబీ వైపుగా మారుతుంది. రంగునిచ్చే ఆంథోసయనిన్ అణువు ఆమ్లంలో తన రూపం మార్చుకోవడమే కారణం. అందుకే నిమ్మరసాన్ని అడుగున పాకంతో కలిపేసి, నీలాన్ని పులుపుకి దూరంగా పైన ఉంచుతున్నాం. సోడా కూడా కాస్త పులుపేనన్నది చాలామంది మరిచిపోతారు. కార్బన్ డయాక్సైడ్‌లో కొంత భాగం నీళ్లలో కార్బోనిక్ ఆమ్లంగా మారి, పీహెచ్‌ని (పులుపును చెప్పే కొలత, తగ్గేకొద్దీ పులుపెక్కువ) 4 దాకా దించుతుంది. కాబట్టి సోడాను తాకిన చోట నీలం కొద్దిగా ఊదా ఛాయకు తిరగడం మామూలే, పూలు నాసిరకమని కంగారుపడనక్కర్లేదు. కొన్ని సోడాల్లో వంటసోడా లాంటి లవణాలు కలిపి అమ్ముతారు, వాటిలో నీలం ఇంకొంచెం బాగా నిలుస్తుంది. సీసా మీద పదార్థాల వివరాలు చూసి కొనండి.

పొయ్యడం

పొరలు ఏర్పడేది చేతి నైపుణ్యంతో కన్నా తీపి తేడాతోనే ఎక్కువ. సమానం బరువు పంచదార, నీళ్లతో చేసిన పాకం మిల్లీలీటరు సుమారు 1.23 గ్రాములు తూగుతుంది. పళ్లరసాలు 1.04, 1.05 ప్రాంతంలో ఉంటాయి. సోడా, నీలం నీళ్లు దాదాపు 1. తీపి ఎక్కువున్నది కిందకి, లేనిది పైకి. ఈ వరుస తప్పితే ఎంత మెల్లగా పోసినా పొర నిలవదు.

ముందు పాకం, నిమ్మరసం గ్లాసులో వేసి కలపండి. తర్వాత ఐసు, గ్లాసు అంచు దాకా. ఐసు ముక్కలు పైనుంచి పడే ధారను ఆపి పక్కలకి జార్చుతాయి, అందుకే గ్లాసు నిండా ఉండాలంటున్నాం. ఫ్రీజర్ నుంచి తీసిన ఐసు మీద తెల్లటి మంచుపొడి ఉంటే ఒక్కసారి చల్లటి నీళ్లలో కడిగి వంచేయండి. ఆ గరుకుతనం మీదే బుడగలు పుట్టి గ్యాసంతా ఒక్కసారిగా లేచిపోతుంది. ఇప్పుడు గ్లాసును వంచి పట్టుకుని, సోడాను లోపలి గోడ వెంట సన్నగా జార్చండి. ఒక ఐసు ముక్క మీద పడేలా పోసినా ఫర్వాలేదు. కొద్దిగా పాకం పైకి లేచి గులాబీ ఛాయలు వస్తాయి, అదే మనకు కావాల్సింది. చివరగా చెంచాను బోర్లించి, దాని వీపు మీదుగా నీలం నీళ్లు వదలాలి.

బుడగలు పైకి లేస్తూ పొరల్ని కలుపుతూనే ఉంటాయి కాబట్టి ఈ అందం కొద్ది నిమిషాలదే. పోసిన వెంటనే ఇచ్చేయండి. ఇరవై గ్లాసులు ముందే పోసి పళ్లెంలో వరుసగా పేర్చడం ఈ పానీయానికి సరిపడదు. పాకం, నిమ్మరసం ఉన్న గ్లాసుల్ని మాత్రం ఎన్నైనా ముందే పెట్టుకోవచ్చు. ఐసు, సోడా, నీలం అడిగినప్పుడే. పెద్ద గిన్నెలో అంతా కలిపి గరిటెతో వడ్డించడం ఇంకా అన్యాయం, అంత వెడల్పైన నీటిమట్టం నుంచి గ్యాసు చాలా తొందరగా పోతుంది.

పాకాన్ని చివర్లో పోస్తే ఏమవుతుందని అడుగుతుంటారు. నిండు సోడాలో పాకం దిగుతూ దారి పొడవునా బుడగలు లేపుతుంది, నురుగు పొంగి బల్ల మీదకి పారుతుంది. ఉత్త పంచదార వేస్తే మరీ ఘోరం, ప్రతి పలుకూ బుడగలు పుట్టే చోటే.

గ్యాసు ఎక్కడికి పోతుంది

సున్నా డిగ్రీల దగ్గర, మామూలు వాతావరణ పీడనంలో లీటరు నీళ్లు సుమారు 1.7 లీటర్ల కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకోగలవు. 20 డిగ్రీల దగ్గర 0.9 లీటరు కూడా పట్టవు. ఎండాకాలపు గది అంతకన్నా వేడి. సోడా, పాకం, నిమ్మరసం, నీలం నీళ్లు అన్నీ ఫ్రిజ్‌లోంచే రావాలనడానికి కారణం ఇదే. ‘ఐసు వేస్తున్నాం కదా, సోడా బయట ఉంటే ఏం’ అనుకోవడం దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. ఐసు దాన్ని చల్లబరిచేలోగానే గ్యాసు సగం వెళ్లిపోతుంది. సీసాలు ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లో పెట్టండి. అంత సమయం లేకపోతే ఐసు నీళ్లలో గుప్పెడు ఉప్పు వేసి సీసాల్ని మెడ దాకా అరగంట ముంచండి. ఫ్రీజర్‌లో పెట్టి మరిచిపోతే సీసా పగిలే ప్రమాదముంది.

పెద్ద సీసాల కంటే చిన్నవి మేలు. రెండు లీటర్ల సీసా ఆఖరి గ్లాసు దాకా ఎన్నోసార్లు తెరుచుకుంటుంది.

సోడా మిషను ఉన్నవాళ్లు ఉత్త చల్లటి నీళ్లకే గ్యాసు పట్టించాలి. రసాలకు, పాకానికి పట్టిస్తే నురుగు పైకెక్కి మిషను మూతిలో చేరుతుంది.

ఇంట్లో వంటసోడా, నిమ్మ ఉప్పు కలిపి గ్యాసు తెప్పించే చిట్కా ఒకటి తరచూ కనబడుతుంది. లెక్క వేసి చూడండి. కొనే సోడాలో లీటరుకు సుమారు 6 గ్రాములో, అంతకంటే ఎక్కువో కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. పావు లీటరుకు 1.5 గ్రాములు తేవాలంటే దాదాపు 3 గ్రాముల వంటసోడా, దానికి సరిపడా సుమారు 2.2 గ్రాముల నిమ్మ ఉప్పు కావాలి. తెరిచిన గ్లాసులో ఆ గ్యాసులో ఎక్కువ భాగం గాల్లోకే పోతుంది. మిగిలేది ఉప్పగా ఉండే నీళ్లు, అందులో 0.8 గ్రాముల సోడియం. పిల్లలకు సైన్సు ప్రయోగంగా బాగుంటుంది, తాగడానికి కాదు.

వేరే రంగులు కావాలంటే

గులాబీకి బీట్‌రూట్ మంచిది. పులుపులో రంగు చెడదు. మట్టివాసన ఉంటుంది కాబట్టి తొక్క మందంగా చెక్కేసి, రసంలో ముందే నిమ్మరసం కలిపి పెట్టుకుంటే వాసన తగ్గుతుంది. గ్లాసుకి ఒక చెంచా రసం చాలు. మరిగిస్తే గోధుమరంగుకి తిరుగుతుంది, పచ్చిగానే పిండి వాడండి.

పసుపురంగు కోసం పసుపు వేయకండి. దాని రంగు నీళ్లలో కరగదు, అడుగున మడ్డిలా కూర్చుంటుంది. కుంకుమపువ్వు రంగు కరుగుతుంది. పది రేకులు రెండు చెంచాల వేడినీళ్లలో పావుగంట నానబెడితే నాలుగైదు గ్లాసులకు వస్తుంది. నారింజ రసం వాడితే గుజ్జు లేకుండా గుడ్డలో వడకట్టాలి, గుజ్జు రేణువులు కూడా బుడగలు లేపుతాయి. అనాసరసం సోడాతో కలిస్తే విపరీతంగా నురగొస్తుంది, దాన్ని పొరగా వాడటం మానుకోవడమే మంచిది.

ఆకుపచ్చ దగ్గర అందరూ విసిగిపోతారు. పుదీనా ఆకుల్లోని పత్రహరితం పులుపు తగిలితే మెల్లగా బురద పచ్చగా మారిపోతుంది. పుదీనాను వాసనకు వాడుకుని, ఆకుపచ్చ కనబడాలంటే పైన తాజా రెబ్బ గుచ్చండి. అమ్మకానికి వచ్చే నీలం స్పిరులినా (ఒక రకం నాచు) పొడికీ ఇదే గతి. నిమ్మరసంలో రంగు విరిగి తెట్టెలుగా తేలుతుంది. నీలానికి శంఖుపువ్వే గట్టిది.

రంగు ఐసు ఇంకో దారి. నీలం నీళ్లని రెట్టింపు చిక్కగా కాచి ట్రేలో గడ్డకట్టించి, నిమ్మ సోడాలో రెండు ముక్కలు వేస్తే అవి కరిగేకొద్దీ పైనుంచి ఊదా పరుచుకుంటుంది. పోయడం రాని పిల్లల చేత కూడా చేయించవచ్చు.

ఆల్కహాలు వద్దనుకున్నప్పుడు

ఈ విషయంలో పట్టింపుతో ఉన్నవాళ్లు వస్తున్నారంటే సీసాల మీద ఇంకొంచెం శ్రద్ధ పెట్టాలి. వెనిల్లా ఎక్స్‌ట్రాక్ట్ తయారయ్యేదే ఆల్కహాల్లో. చేదు రుచికోసం కొన్ని చుక్కలు వేసే బిటర్స్ అనే సారాలు కూడా చాలావరకు అంతే. ఇంట్లో పులియబెట్టిన అల్లం సోడా, కొంబుచా (పులియబెట్టిన తీపి టీ) లాంటివాటిలో పులిసేటప్పుడే కొంత ఆల్కహాలు పుడుతుంది. పైన చెప్పిన గ్లాసులో ఇవేవీ లేవు, ‘ఇంకొంచెం రుచి’ కోసం చేర్చకుండా ఉంటే చాలు.

నిమ్మరసం ఆరోజు పిండుకున్నదే బాగుంటుంది. తొక్క నలిగేలా పిసికితే చేదు దిగుతుంది. కాయలు దొరక్కపోతే 6 గ్రాముల నిమ్మ ఉప్పును 100 మి.లీ. నీళ్లలో కరిగించి అదే కొలతలో పోయండి. పులుపు దగ్గరగా వస్తుంది గానీ నిమ్మ వాసన రాదు, ముందే కాస్త నిమ్మతొక్క తురుము పాకంలో నానబెట్టి వడకట్టుకుంటే ఆ లోటు కొంత తీరుతుంది.

చివర్లో సగం సోడా మిగిలిన ప్లాస్టిక్ సీసాను నొక్కి, గాలి తీసేసి మూత బిగించేవాళ్లున్నారు. దానివల్ల లాభం లేదు. నొక్కిన సీసా మళ్లీ ఉబ్బడానికి లోపలి గ్యాసే ఖర్చవుతుంది. నొక్కకుండా గట్టిగా మూతపెట్టి ఫ్రిజ్‌లో వెనకగోడ వైపు ఉంచండి. మిగిలిన నీలం నీళ్లు ఆ రాత్రే ఐసు ట్రేలోకి, పాకం సీసా మళ్లీ ఫ్రిజ్‌లోకి.