రోమన్ దళం: వాష్ దగ్గర ఆగిన మూడు వారాలు

పది మంది రోమన్ సైనికులు, 28 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ బొమ్మలు. ఏప్రిల్ చివరికే అడుగు రంగులు వేసేశాను. చొక్కాలకు ఎరుపు, గొలుసు కవచాలకు స్టీలు రంగు, పట్టీలకు, చెప్పులకు గోధుమ. ఇక వాష్ వేస్తే నాలుగు రోజుల్లో పని అయిపోతుందనుకున్నాను. మూడు వారాలైనా ఇంకా పూర్తి కాలేదు.

వాష్ అంటే బాగా పల్చగా కలిపిన ముదురు రంగు. పూయగానే ఎత్తుల మీద నుంచి జారి మడతల్లో, గుంటల్లో నిలుస్తుంది. ఆరాక అక్కడ నీడ పడినట్టు ఉంటుంది. కవచంలో ఒక్కో కడియం ఆవగింజలో సగం కూడా లేదు. వాటి మధ్య కుంచెతో నీడ గియ్యడం నా వల్ల కాదు.

మొదటిసారి ఒక చుక్క గోధుమ రంగు ఆక్రిలిక్‌కి ఎనిమిది చుక్కల కుళాయి నీళ్ళు కలిపాను. ఆరాక చూస్తే, వీపు మీద గుడ్డ చదునుగా ఉన్నచోట బల్ల మీద టీ గ్లాసు పెట్టి తీసినట్టు గుండ్రటి మరక. అంచున ముదురు గీత, మధ్యలో ఏమీ లేదు. చుక్క అంచు ముందు ఆరుతుంది, మధ్యలో నీళ్ళు రంగుని మోసుకుంటూ అటే పోతాయి. పైగా అన్ని నీళ్ళు పోస్తే రంగుని పట్టి ఉంచే జిగురు కూడా పల్చబడిపోతుంది. దానికి మందు మ్యాట్ మీడియం. రంగు లేని ఆ జిగురుతో పల్చన చేస్తే రంగు విడిపోకుండా సమంగా పరుచుకుంటుంది.

మరక పోయింది గానీ కవచాల మీద సన్నటి తెల్లపొర మిగిలింది. ఇది నన్ను పది రోజులు తిప్పింది. వార్నిష్ అనుకున్నాను, ప్రైమర్ (రంగుల కంటే ముందు వేసే పూత) అనుకున్నాను. ఆటోనగర్‌లో కార్లకు పెయింటింగ్ చేసే మా బాబాయికి చూపిస్తే, “నీళ్ళు ఎక్కడివిరా? మీది బోరు కదా, బ్యాటరీ వాటర్ పోసి చూడు” అన్నాడు. నల్లరంగు వేసిన ప్లాస్టిక్ చెంచా మీద ఒక పక్క బోరు నీటి చుక్క, ఇంకో పక్క బ్యాటరీ వాటర్ చుక్క వేసి రాత్రంతా వదిలేశాను. పొద్దున బోరు చుక్క ఉన్నచోట ముగ్గుపిండి రాలినట్టు తెల్లటి వలయం. ఉప్పులు తీసేసిన బ్యాటరీ వాటర్ పక్క మరక జాడ లేదు. బకెట్ అడుగున రోజూ చూసే ఉప్పు పొరే అది. కొనేటప్పుడు మాత్రం బ్యాటరీ వాటర్ అనే అడగండి, యాసిడ్ డబ్బా కూడా పక్కనే ఉంటుంది.

ఇప్పుడు నేను కలిపే పాళ్ళు: రంగు 1 చుక్క, మ్యాట్ మీడియం 4, బ్యాటరీ వాటర్ 4. గిన్నెల సబ్బు కొంచెం వేస్తే బాగా పారుతుందని విని చేసి చూశాను. బుడగలు అలాగే ఆరి చిన్న చిన్న గుంటలు పడ్డాయి, మళ్ళీ వెయ్యను. రంగు బాగా పారడానికే అమ్మే ఫ్లో ఇంప్రూవర్ అయితే కుంచె మొనతో ముట్టించినంత చాలు. కలపడానికి ఖాళీ మాత్రల స్ట్రిప్ వాడుతున్నాను, ఒక్కో గుంటలో ఒక్కో రంగు. స్టీలుకి నలుపులో కాస్త నీలం, చర్మానికి ఎర్రమట్టి రంగు. ఎర్ర చొక్కాకి నలుపు వద్దు, మురికి పట్టినట్టు అవుతుంది. ముదురు గోధుమలో ఎరుపు కలిపితే బాగుంటుంది.

2వ నంబరు కుంచె ముంచి, టిష్యూకి ఒక్కసారి తాకించి, పైనుంచి కిందికి ఒక్కో భాగమే చేస్తాను. బొమ్మని వంచితే ఎక్కువైనది చొక్కా అంచున ముత్యంలా నిలబడుతుంది. శుభ్రమైన తడి కుంచె మొన దానికి ఆనిస్తే పీల్చేసుకుంటుంది. ఇదంతా నిమిషం లోపే. సగం ఆరాక ముట్టుకుంటే పొర చిరిగి కింది రంగు బయటపడుతుంది, అలా ఒక భుజం పాడైంది. మే నెల బెజవాడలో మధ్యాహ్నం పూట కుంచె మీదే ఆరిపోతోంది కాబట్టి ఫ్యాన్ ఆపి, పొద్దున ఐదున్నరకే కూర్చుంటున్నాను. తర్వాత గంటసేపు ఎవర్నీ ముట్టుకోనివ్వను.

డాళ్ళు చదునుగా ఉంటాయి కాబట్టి వాటికి ముందు మెరిసే (గ్లాసీ) వార్నిష్ ఒక పూత వేస్తున్నాను. వాష్ మధ్య బుడిపె చుట్టూ చేరుతుంది, మిగతాది తడి ఇయర్‌బడ్‌తో తుడిస్తే పోతుంది.

ఆరుగురు పూర్తయ్యారు. ఎత్తుల మీద అసలు ఎరుపు మళ్ళీ పల్చగా అద్దాక మడతలు బాగా లేచాయి. మిగిలిన నలుగురిలో ధ్వజం మోసేవాడు ఒకడు. తల మీద కప్పుకున్న ఎలుగుబంటి తోలులో ప్రతి వెంట్రుకా విడిగా చెక్కి ఉంది. వాడి కోసం ముదురు గోధుమ వాష్ చిన్న సీసాలో కలిపి పెట్టాను. ఆదివారం తెల్లవారుజామున మొదలుపెడతాను.