సంతకం పెట్టాలా, వద్దా?

పాత ఫైళ్లు సర్దుతుంటే తల్లిదండ్రుల అంగీకార పత్రం ఖాళీది ఒకటి దొరికింది. కరోనాతో మార్చిలో మూతపడ్డ బడులు తెరుస్తూ 2020 నవంబరు 2న తొమ్మిది, పది తరగతులకు ఒంటిపూట బడులు మొదలైనప్పటిది. అంతకుముందు వారం నేనూ, ఇంకో టీచరూ విశాఖలోని పెదజాలరిపేటలో ఇల్లిల్లూ తిరిగాం.

మాస్కు, ఎవరి నీళ్ల సీసా వాళ్లే తెచ్చుకోవడం, జ్వరమో దగ్గో ఉంటే పంపొద్దు... అన్నీ బట్టీ పట్టి వెళ్లాను. అవేవీ ఎవరూ అడగలేదు. ఒకావిడ చేపలు కోస్తూ, చేయి ఆపకుండానే అంది: "సంతకం పెట్టీసినాక పిల్లకి ఏటైనా అయితే బాధ్యత మాదేనంటారా టీచరమ్మా?"

నిజానికి నాకూ అదే టెన్షన్. ఇంట్లో అత్తగారికి షుగర్. "ఒళ్లు వెచ్చబడితే ముందు నాకు ఫోన్ చెయ్యండి" అని నంబర్ రాసిచ్చాను. అంతకన్నా ఏం చెప్పగలను?

ఈలోగా ఆ పిల్ల లోపలికెళ్లి పాత యూనిఫాం వేసుకొచ్చింది. మార్చిలో మడిచి పెట్టిందట. ప్యాంటు చీలమండకు నాలుగు వేళ్ల పైన ఆగిపోయింది. ప్రభుత్వం విద్యా కానుక కిట్‌లో ఇచ్చిన యూనిఫాం గుడ్డేమో ఇంకా టైలర్ దగ్గరే ఉంది. శానిటైజర్ దగ్గర్నుంచి థర్మామీటర్ దాకా అన్నీ లిస్టులో రాసుకున్నాం గానీ, ఏడు నెలల్లో పిల్లలు పొడుగవుతారన్నది మాకెవరికీ తట్టలేదు!

తల్లి పకపకా నవ్వింది. చేతులు కడుక్కుని వచ్చి పెన్ను అడిగింది. సంతకం పక్కన చిన్న చేప పొలుసు అంటుకుంది. ఆ పత్రాన్ని అలాగే ఆఫీసులో ఇచ్చేశాను.