మూసీ దాటినా ఎంపీ ఉంటాడు

పొద్దున ఏడు గంటలకు మేనకోడలి ఫోను. అక్కడ అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో రాత్రి తొమ్మిదిన్నర. వంటిల్లు సర్దేసుకుని తీరిగ్గా మాట్లాడుకునే వేళ ఆమెకు అదే, నాకేమో కాఫీ చల్లారిపోయే వేళ.

పోయినేడాది అమెరికా పౌరసత్వం తీసుకుంది. "మామయ్యా, సంబరంగా ఓటరుగా పేరు రాయించుకున్నాను. తీరా చూస్తే మా ఊరికి సెనేటరే లేడు" అంది. "వెతికితే దొరుకుతాడులే" అని నవ్వాను. వెతికినా దొరకడట. వాషింగ్టన్ ఏ రాష్ట్రంలోనూ లేదు కాబట్టి, రాష్ట్రానికి ఇద్దరేసి సభ్యులుండే సెనేట్‌లో ఆ ఊరి తరఫున ఒక్కరూ ఉండరు. ప్రతినిధుల సభకు మాత్రం ఒకరిని ఎన్నుకుంటారు. ఎలియనార్ హోమ్స్ నార్టన్ అనే ఆవిడ 1991లో ఆ స్థానంలోకి వచ్చి మూడు దశాబ్దాలకు పైగా ఉన్నారు. సభలో మాట్లాడవచ్చు, బిల్లు పెట్టవచ్చు, కమిటీలో ఓటు కూడా వేయవచ్చు. బిల్లు తేలే చివరి ఓటింగులో మాత్రం ఆ ఓటు లేదు. పెళ్లికి పిలిచి, భోజనం పెట్టి, అక్షింతలు మాత్రం వేయవద్దన్నట్టు.

"మరి అధ్యక్షుడికి?" అన్నాను. దానికి ఉందట. 1961లో 23వ రాజ్యాంగ సవరణ వచ్చాకే అది కూడా. అధ్యక్షుణ్ని తేల్చే ఎలక్టొరల్ ఓట్లలో మూడు ఇచ్చారు. నాకైతే ఆ మాత్రం ఉంది కదా, ఇంకా ఈ సణుగుడు దేనికి అనిపించింది. పైకి అనలేదు.

పదకొండింటికి మలక్‌పేటలో పాత మిత్రుణ్ని చూడాలని బయలుదేరాను. మల్కాజిగిరి నుంచి కోఠీ వరకు ఒక బస్సు, అక్కడ దిగి ఇంకొకటి. నా ఉద్యోగమంతా పద్దులు రాయడంలోనే గడిచింది. కిటికీ పక్క సీటు దొరికితే చాలు, మనసు లెక్కల్లో పడుతుంది. వాషింగ్టన్ జనాభా 2020 లెక్కల్లో దాదాపు 6.9 లక్షలు. వయోమింగ్ రాష్ట్రానిది 5.77 లక్షలు. తక్కువ మంది ఉన్న వయోమింగ్‌కు ఇద్దరు సెనేటర్లు, ఎక్కువ మంది ఉన్న వాషింగ్టన్‌కు సున్నా. ఇక మా మల్కాజిగిరి లోక్‌సభ స్థానంలో 2019 నాటికే 31 లక్షలకు పైగా ఓటర్లు, దేశంలోకెల్లా ఎక్కువ. లక్షద్వీప్‌లో 60 వేల లోపు. అక్కడా ఒక ఎంపీ, ఇక్కడా ఒక ఎంపీ. మా అమ్మాయి 31 లక్షల్లో ఒక వంతు వదులుకుని సున్నాలో ఒక వంతు సంపాదించుకుంది.

చాదర్‌ఘాట్ వంతెన మీద బస్సు ఆగిపోయింది. ఎప్పుడూ ఆగేదే. కింద మూసీ, దాని వాసన, కండక్టరు విసుగు. అమ్మాయి చెప్పినదాంట్లో ఒక మాట అప్పుడు గుర్తుకొచ్చింది. పోటోమాక్ నదికి అవతలి ఒడ్డున ఉన్న ఆర్లింగ్టన్ కూడా మొదట్లో రాజధాని భూమేనట. వర్జీనియా రాష్ట్రం ఇచ్చిన ఆ ముక్కను కాంగ్రెస్, అంటే వాళ్ల పార్లమెంటు, 1846లో మళ్లీ వర్జీనియాకే ఇచ్చేయడానికి ఒప్పుకుంది. మేనకోడలి పక్క సీటులో పనిచేసే ఆవిడ అక్కడే ఉంటుంది, ఆవిడకు ఇద్దరు సెనేటర్లు. ఇద్దరి జీతం ఒకటే, కేంద్రానికి కట్టే పన్నూ ఒకటే. సాయంత్రం ఆవిడ నది దాటగానే ఓటు వచ్చేస్తుంది. నేనూ ఇప్పుడు నది దాటుతున్నాను. మా ఇంటి నుంచి మలక్‌పేటకు వచ్చేసరికి నియోజకవర్గం మారుతుంది, ఎంపీ మారతాడు. ఎంపీయే లేకుండా పోవడం అనేది మాత్రం ఊహకు అందలేదు.

మిత్రుడు ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వోద్యోగం చేసినవాడు. 1980లలో ఆర్.కె.పురం క్వార్టర్స్‌లో ఉన్నాడు. విషయం చెప్పగానే కుర్చీలో ముందుకు జరిగాడు. "మాకు ఎంపీ ఉండేవాడండీ. శాసనసభ లేదు. 1956లో తీసేశారు. దాని బదులు తర్వాత మెట్రోపాలిటన్ కౌన్సిల్ అని పెట్టారు. 56 మందిని ఎన్నుకునేవాళ్లం, ఇంకో ఐదుగురు నామినేటెడ్. సలహా చెప్పడమే వాళ్ల పని" అన్నాడు. 1991లో 69వ సవరణ చేసి, 1993లో ఎన్నికలు పెట్టి, 70 స్థానాల శాసనసభ ఇచ్చారు. పోలీసు, భూమి ఇప్పటికీ కేంద్రం చేతిలోనే. అయినా లోక్‌సభలో ఏడుగురు, రాజ్యసభలో ముగ్గురు ఉన్నారు. "ఢిల్లీవాళ్ల తగాదా కుర్చీకి బలం ఎంత అని. మీ అమ్మాయిది అసలు కుర్చీయే లేదని" అంటూ ఉప్మా ప్లేటు నా వైపు తోశాడు.

ఇలా ఎందుకు పెట్టారు అన్నదానికి అమ్మాయి చెప్పిన కారణం మరీ తీసిపారేసేది కాదు. 1783లో ఫిలడెల్ఫియాలో జీతాలు అందని సైనికులు కాంగ్రెస్ కూర్చున్న భవనాన్ని చుట్టుముట్టారు. పెన్సిల్వేనియా ప్రభుత్వం తన దళాలను పంపలేదు. ఒక రాష్ట్రం దయ మీద బతికే రాజధాని వద్దనుకున్నారు, అందాకా బాగానే ఉంది. ఆ నేల మీద కాపురాలు చేసే వాళ్ల సంగతి మాత్రం రాజధానిని నేరుగా కాంగ్రెస్ కిందికి తెచ్చిన 1801 చట్టంతో గాలికి పోయింది.

మా హైదరాబాదు కూడా రాజధానిగా చిత్రమైన పదేళ్లు గడిపింది. 2014 జూన్ 2 నుంచి రెండు రాష్ట్రాలకు ఉమ్మడి రాజధాని. శాంతిభద్రతల మీద గవర్నరుకు ప్రత్యేక బాధ్యత అని చట్టంలో రాశారు కూడా. అంతకు ముందు ఏడాది కేంద్రపాలిత ప్రాంతం చేస్తారన్న మాట వీధి వీధినా నలిగింది. మా టీకొట్టు దగ్గర దాని మీద ఇద్దరు మాటలు మానేశారు. అంత రగడలోనూ ఈ ఊరివాళ్ల ఓటు తీసేయాలని ఎవరూ అనలేదు. ఆ మాట ఎవరికీ తట్టనే లేదు. ఇప్పుడు తలుచుకుంటే అదే వింతగా ఉంది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఫోనులో ఒక ఫొటో. ఆమె కారు వెనక నంబరు పలక. ప్రాతినిధ్యం లేకుండా పన్ను వసూలు చేయడం ఆపాలని దాని మీదే అచ్చువేశారు. 2000 సంవత్సరం నుంచి ఈ నినాదం అక్కడి పలకల మీద ఏదో ఒక రూపంలో ఉందట. తన ఫిర్యాదును తానే రేకు మీద అచ్చువేసి ఊరంతా తిప్పే నగరపాలన! పొద్దున సణుగుడు అనుకున్నందుకు కాస్త సిగ్గుపడ్డాను. ప్రత్యేక రాష్ట్రం చేయాలన్న బిల్లు 2020లో ఒకసారి, 2021లో ఒకసారి ప్రతినిధుల సభలో నెగ్గింది, సెనేట్‌లో కదల్లేదు. రాష్ట్రమైతే వచ్చే రెండు కొత్త సెనేట్ సీట్లు డెమొక్రాట్లకే పోతాయని అందరికీ తెలుసు మరి.

ఫొటో మా ఆవిడకు చూపించి, సంగతంతా చెప్పాను. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ విన్నది.

"అయితే ఆ నది అవతల ఇల్లు చూసుకోమనండి."

"ఓటు కోసం ఇల్లు మారతారా ఎవరైనా?"

"మంజీరా నీళ్ల కోసం మనం మారలేదూ?"