శనివారం తెల్ల డ్రెస్సు

పోయిన నెల ఒక శుక్రవారం రాత్రి మా అమ్మాయి అన్నం ముందు కూర్చుని కెలుకుతూనే ఉంది తప్ప తినలేదు. ఏడో తరగతి. ఏమైందే అంటే కడుపులో నొప్పి అంది, కాసేపాగి రేపు స్కూలుకి వెళ్ళనమ్మా అంది. పరీక్షలేమైనా ఉన్నాయేమో అనుకున్నా. లైటు ఆపేసి పడుకున్నాక చీకట్లో చెప్పింది అసలు సంగతి. అంతకు ముందు నెల శనివారం క్లాసులో ఉండగా పీరియడ్ వచ్చిందంట, శనివారం వాళ్ళకి తెల్ల స్కర్టు తెల్ల షర్టు, మరకైందంట, నాలుగో పీరియడ్ నుంచి లాంగ్ బెల్ కొట్టేదాకా బెంచీ మీంచి లేవలేదంట, నీళ్ళు తాగడానిక్కూడా. ఆఖర్న అందరూ వెళ్ళాక బ్యాగు వెనక్కి వేలాడేసుకుని ఆటో దాకా నడిచిందంట. ఇంటికొచ్చి స్కర్టు తనే ఉతుక్కుంది, నాకు ఒక్క ముక్క చెప్పలేదు. మళ్ళీ డేటు దగ్గరకొచ్చింది, మళ్ళీ శనివారమొచ్చింది, అదీ భయం.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పన్నెండేళ్ళ పిల్ల నాలుగు గంటలు కదలకుండా కూర్చుంది, దానికి కారణం శనివారం తెల్ల డ్రెస్సు అని ఎవరో ఎప్పుడో పెట్టిన రూలు. ఎందుకు పెట్టారో ఇప్పుడున్న వాళ్ళకెవరికీ తెలీదు, నేను అడిగాను కాబట్టి చెప్తున్నా. డ్రిల్లు కోసం అన్నారు ఒకరు, నీట్‌గా కనిపిస్తారు అన్నారు ఇంకొకరు, మొదట్నుంచీ ఉంది మేడం అన్నారు ఆఫీసులో.

నేను యూనిఫామ్‌కి వ్యతిరేకిని కాదు, ఇది ముందే చెప్పాలి. మా అమ్మ టైలరు. తెనాలిలో మా ఇంటి వరండాలోనే మిషను, మే నెల సగం నుంచి జూన్ నెలాఖరు దాకా మా ఇంట్లో ఎటు చూసినా నేవీ బ్లూ గుడ్డే. జూన్ పన్నెండుకి బడులు తెరుస్తారు కాబట్టి ఆ లోపు ఇచ్చెయ్యాలని అమ్మ రాత్రి పన్నెండింటి దాకా తొక్కేది, మేము కాజాలు కుట్టి గుండీలు వేసేవాళ్ళం. ఆది డ్రెస్సులు తెచ్చే వాళ్ళు కొందరు, పిల్లని తీసుకొచ్చి కొలతలు ఇప్పించే వాళ్ళు కొందరు. రైసుమిల్లు వాళ్ళ అమ్మాయిదీ, ఆ మిల్లులో హమాలీ చేసే ఆయన కూతురిదీ ఒకే తాను లోంచి కత్తిరించేది అమ్మ. రెండూ పక్క పక్కన మడతపెట్టి ఉంటే ఏది ఎవరిదో చీటీ చూస్తే గానీ తెలిసేది కాదు. యూనిఫామ్ మంచిదే అనడానికి నాకు ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు, కళ్ళతో చూశాను.

అమ్మ ఇంకోటి చేసేది. ఎదిగే పిల్ల కదా అని స్కర్టు అంచు లోపలికి నాలుగు వేళ్ళ మడత పెట్టి కుట్టేది, పక్కల కూడా గుడ్డ వదిలేది. ఏడాది తిరిగేసరికి మడత విప్పితే పొడుగు సరిపోయేది, పక్క కుట్లు విప్పితే వదులయ్యేది, ఒక్కో డ్రెస్సు మూడేళ్ళు నడిచేది, తర్వాత చెల్లెలికి. మడత విప్పిన చోట ముదురు రంగు గీత ఒకటి పడేది, మా క్లాసులో సగం మందికి ఆ గీత ఉండేది. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు.

ఇప్పుడు మా అమ్మాయి స్కూలు యూనిఫామ్ ఒకే ఒక్క షాపులో దొరుకుతుంది. జేబు మీద లోగో ఎంబ్రాయిడరీ, కాలరుకి ప్రత్యేకమైన చారలు, బయట ఏ గుడ్డల షాపులో వెతికినా ఆ చారలు దొరకవు, దొరక్కూడదనే అలా పెట్టారని నా నమ్మకం. మామూలు రోజుల జత, శనివారం జత, స్పోర్ట్స్ డ్రెస్సు మళ్ళీ హౌస్ కలర్లో, నల్ల బూట్లు, తెల్ల బూట్లు, టై, బెల్టు, రెండు రకాల సాక్సులు. లోపల తిప్పి చూశాను, మడత లేదు, అర అంగుళం కూడా వదల్లేదు. అంటే వచ్చే జూన్‌కి పొట్టయిపోతుంది, మళ్ళీ కొనాలి. పొట్టయితే మళ్ళీ పీఈటీ మేడం మోకాలు కనిపిస్తోంది అని లైన్లోంచి పక్కకి తీస్తారు. ఎదిగినందుకు పిల్లకి మాట పడుతుంది.

స్కూల్లో యూనిఫాములు అమ్మకూడదని, ఫలానా షాపులోనే కొనమని బలవంతం చెయ్యకూడదని జిల్లా విద్యాధికారి (డీఈఓ) ఆఫీసుల నుంచి ఎండాకాలం సెలవులయ్యే ముందు ఉత్తర్వులు వస్తూనే ఉంటాయి, 2017లో సీబీఎస్ఈ కూడా తన స్కూళ్ళకి ఇలాంటిదే రాసింది. అయినా షాపు మారుతుంది తప్ప పద్ధతి మారట్లేదు, ఎందుకంటే ఉత్తర్వు వచ్చాక స్కూలు గేటు లోపల అమ్మే వాళ్ళు గేటు బయట ఇంకో పేరు మీద అమ్ముతారు. ఏ రంగో చెప్పండి, గుడ్డ మేము కొనుక్కుంటాం, లోగో కావాలంటే పది రూపాయల బ్యాడ్జి ఇవ్వండి పిన్నీసుతో పెట్టుకుంటాం అని అడిగితే అందులో ఏం తప్పుందో నాకర్థం కాదు.

గవర్నమెంటు బడుల సంగతి వేరు, అక్కడ యూనిఫామ్ ఉచితం. కేంద్రం పథకం సమగ్ర శిక్ష కింద ఎనిమిదో తరగతి దాకా పిల్లలకి ఏడాదికి రెండు జతలు, దానికి లెక్క కట్టింది ఒక్కొక్కరికి 600 రూపాయలు. ఆంధ్రాలో 2020లో విద్యా కానుక మొదలైనప్పుడు బూట్లు, బెల్టు, బ్యాగుతో పాటు మూడు జతల గుడ్డ ఇచ్చారు, చాలా మంచి పని, కాకపోతే కుట్టుకూలి కింద ఎనిమిదో తరగతి దాకా జతకి 40 రూపాయలు కట్టారు. అమ్మ అది విని దారం ఖర్చు, కాన్వాసు ఖర్చు, జిప్పు ఖర్చు వేళ్ళ మీద లెక్కేసింది. నలభైకి ప్యాంటుకి గుండీ కూడా కుట్టరే అంది. అంటే మిగతాది ఆ పిల్ల తల్లి పెట్టుకోవాలి, పెట్టుకోలేకపోతే గుడ్డ ట్రంకుపెట్టెలో ఉంటుంది, పిల్లాడు పోయినేడాది చొక్కాతో బడికొస్తాడు. వాడిని నిలబెట్టి ఏదిరా కొత్త యూనిఫామ్ అని అడిగే మాస్టారికి ఈ నలభై లెక్క తెలిసి ఉండాలి.

నాకు అసలు కోపం ఇక్కడే. రంగు ఏదైనా పెట్టుకోండి, వేసుకురాని రోజున ఆ పిల్లని ఏం చేస్తారు అన్నదే నాకు ముఖ్యం. 2017 సెప్టెంబర్లో హైదరాబాద్‌లో జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఐదో తరగతి పాప, పదకొండేళ్ళు, యూనిఫామ్ తయారుగా లేదని మామూలు బట్టల్లో వెళ్ళింది, ఇంట్లో వాళ్ళు డైరీలో రాసి పంపించారు కూడా, అయినా తీసుకెళ్ళి మగపిల్లల టాయిలెట్‌లో నిలబెట్టారు. ఆ పాప టీవీలో మాట్లాడుతుంటే నేను చూశాను, మా అమ్మాయి అప్పుడు చిన్నది, ఒళ్ళో ఉంది. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, అందులో 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు అని రాసి మరీ చెప్తుంది. ఉతికిన చొక్కా ఆరకపోవడం తప్పా? వానాకాలం వారం రోజులు ముసురు పడితే అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఏ బట్ట ఆరుతుంది చెప్పండి.

మా అమ్మాయి క్లాసులో కూడా ఇలాగే, టై మర్చిపోతే మొదటి పీరియడ్ బయట. మొదటి పీరియడ్ మ్యాథ్స్. టై లేకపోతే లెక్కలు రావని కాదు కదా, టై లేదని లెక్కలు పోగొడుతున్నారు. ఇదే మాట నేను ప్రిన్సిపాల్ మేడంతో అన్నాను, డిసిప్లిన్ ఎలా వస్తుందండీ మరి అన్నారు. ఫోన్ చెయ్యండి, నాకు మెసేజ్ పెట్టండి, నేను వచ్చి టై ఇచ్చి వెళ్తాను, పిల్లని మాత్రం క్లాసులోంచి పంపకండి అన్నాను.

ఇక మతం సంగతి, అది రాయకుండా డ్రెస్ కోడ్ గురించి రాశానంటే తప్పించుకున్నట్టే. ఉడుపిలో హిజాబ్ వేసుకొచ్చిన అమ్మాయిల్ని కాలేజీలో ఆపడంతో మొదలై 2022 ఫిబ్రవరి 5న కర్ణాటక గవర్నమెంట్ ఆర్డరు, మార్చి 15న దాన్ని సమర్థిస్తూ హైకోర్టు తీర్పు, అక్టోబర్ 13న సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జిలు చెరో మాట. జస్టిస్ హేమంత్ గుప్తా బడిలో అందరూ ఒకేలా ఉండాలన్న వైపు, జస్టిస్ సుధాంశు ధూలియా ఆ ఆడపిల్ల చదువు వైపు. స్కూలు గేటు దగ్గర ఆపి తీసెయ్యమనడం ఆ అమ్మాయి గౌరవం మీద దెబ్బ అన్నారాయన. నేను ఆయన వైపే. హిజాబ్ మంచిదా కాదా అని నేను ఇక్కడ వాదించట్లేదు, అది ఆ పిల్ల, వాళ్ళ ఇల్లు తేల్చుకోవాల్సింది. యూనిఫామ్ వేసుకునే వచ్చింది, దాని రంగుదే స్కార్ఫు తల మీద ఉంది, దానికి క్లాసు మానాలా?

మన దగ్గర కార్తీకం వస్తే అయ్యప్ప మాల వేసుకున్న పిల్లలు నల్ల బట్టల్లో, చెప్పుల్లేకుండా వస్తారు. నా చిన్నప్పుడు మా బడిలో నలుగురైదుగురుండేవాళ్ళు, స్వామీ అని పిలిచేవాళ్ళు మాస్టార్లు కూడా. రంజాన్ నెలలో మా ఫ్రెండు మధ్యాహ్నం లెక్కల క్లాసులో నిద్రపోతే సారు లేపేవాళ్ళు కాదు. ఇప్పుడు అలా సర్దుకుపోవడం తగ్గిపోతోంది రెండు వైపులా. 2024 ఏప్రిల్లో మంచిర్యాల జిల్లాలో హనుమాన్ దీక్ష బట్టల్లో వచ్చిన పిల్లల గురించి గొడవై చివరికి స్కూలు మీద పడి అద్దాలు పగలగొట్టారు. దీక్షలో ఉన్న పిల్లల్ని కూర్చోనివ్వాలనే నేనంటాను, దీక్ష ఉండేది కొన్నాళ్ళే కదా, కానీ బడి మీద రాళ్ళేసిన వాళ్ళు ఆ పిల్లలకి ఏం మేలు చేశారు. ఒక పిల్లాడి దీక్షకి సర్దుబాటు కావాలనే వాళ్ళు ఇంకో పిల్ల స్కార్ఫుకి కూడా అదే మాట అనాలి, ఆ పిల్ల తరఫు వాళ్ళూ ఈ పిల్లాడికి అనాలి. ఎవరికి వాళ్ళం అడుగుతున్నాం.

ఆడపిల్లల డ్రెస్సు మీద ఉన్నన్ని రూల్సు మగపిల్లల మీద లేవు. వాళ్ళకి జుట్టు కట్టింగు, షర్టు టక్, అంతవరకే. మా వాళ్ళ స్కూలు డైరీలో అమ్మాయిలకి: రెండు జడలు మడిచి కట్టాలి, నల్ల రిబ్బను, స్కర్టు మోకాలి కిందికి, ఎనిమిదో తరగతి నుంచి చున్నీ బదులు కోటు, గోరింటాకు పెట్టుకోకూడదు, కాటుక కూడదు. గోరింటాకు! ఆషాఢంలో అమ్మమ్మ రుబ్బి పెడితే వారం రోజులు చేతులు బల్ల కింద దాచుకుని కూర్చుంది పిల్ల. ఆ ఎర్రరంగు వల్ల ఎవరి చదువు పాడైంది. కోటు ఎందుకంటే మగపిల్లల దృష్టి మళ్ళకుండా అంట. నలభై డిగ్రీల ఎండలో ఆడపిల్ల రెండు పొరలు వేసుకోవాలి, చూసేవాడికి మాత్రం ఒక్క పాఠం చెప్పరు.

కేరళలో ఎర్నాకులం జిల్లా వలయన్‌చిరంగరలో ఒక గవర్నమెంట్ ప్రైమరీ స్కూలుంది, అక్కడ ఆడా మగా అందరికీ త్రీ ఫోర్త్ నిక్కరు, షర్టు. 2021లో పేపర్లలో వచ్చింది. పిల్లలు హాయిగా పరిగెడుతున్నారు, గెంతుతున్నారు. తర్వాత అదే ఏడాది డిసెంబర్లో కోళికోడ్ దగ్గర బాలుశ్శేరిలో పెద్ద ఆడపిల్లలకి ప్యాంటు షర్టు పెడితే కొందరు వ్యతిరేకించారు, మగవాళ్ళ బట్టలు ఆడపిల్లల మీద రుద్దుతున్నారని. నాకైతే ప్యాంటు తప్పనిసరి చెయ్యడం కంటే, ప్యాంటో స్కర్టో చుడీదారో ఒకే రంగులో ఏది కావాలంటే అది కుట్టించుకోమంటే సరిపోతుందనిపిస్తుంది. గుడ్డ ఒకటే, కుట్టు ఎవరిది వాళ్ళది. మా అమ్మ వరండాలో జరిగింది అదే.

సరే, మా శనివారం సంగతి. క్లాసు పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో పెట్టలేదు, అందులో నాన్నలు కూడా ఉంటారు, మా అమ్మాయికి ఇబ్బంది. అమ్మలకి ఒక్కొక్కరికి విడిగా ఫోన్ చేశా. చేసిన ప్రతి ఫోనుకీ ఇలాంటి కథ ఇంకొకటి బయటికొచ్చింది. ఒకావిడ కూతురు శనివారాలు లోపల రెండు లెగ్గింగ్స్ వేసుకుని వెళ్తుందంట. ఇంకొకావిడ అసలు ఆ రోజుల్లో శనివారం పంపరంట, ఏడాదిలో ఎన్ని శనివారాలు పోయాయో లెక్కేసుకోలేదు అంది. పదకొండు మందిమి కలిసి వెళ్ళాం. ఆరో తరగతి నుంచి ఆడపిల్లలకి శనివారం కూడా నేవీ బ్లూ ఇవ్వండి, తెల్లది కింద వద్దు అని కాయితం మీద రాసి సంతకాలు పెట్టి ఇచ్చాం. ప్రిన్సిపాల్ మేడం చదివి కాసేపు మాట్లాడలేదు, తర్వాత మేనేజ్‌మెంట్‌ని అడగాలి అన్నారు. ఆవిడ కూడా అదే తెల్ల స్కర్టులు వేసుకునే చదువుకుని ఉంటారు కదా, ఆ మాట అనబోయి ఆగాను.

ఇంకా జవాబు రాలేదు. వాట్సాప్‌లో మాత్రం "ఈ టర్మ్ వరకు నేవీ బ్లూ ట్రాక్ ప్యాంట్ అనుమతించబడును" అని ఒక మెసేజ్ వచ్చింది, ఎందుకో రాయలేదు. షాపులో ట్రాక్ ప్యాంటు స్టాకు లేదు. అమ్మకి ఫోన్ చేశా. పొడుగెంత, నడుమెంత, ఏ రంగు ముదురు అని అడిగింది, కళ్ళు సరిగ్గా కనపడకపోయినా మిషను ఎక్కింది. బస్సులో పంపిన పార్సిల్ నిన్న వచ్చింది. మా అమ్మాయి వేసుకుని చూసుకుంటుంటే నేను కాళ్ళ దగ్గర కూర్చుని అంచు తిప్పి చూశాను, లోపల నాలుగు వేళ్ళ మడత ఉంది.